మామగారి మిషనుకు రెక్కలు

అత్తయ్యగారి పాదాలకు మీ కోడలు నమస్కరించి రాసే సంగతులు.

ముందుగా నా చేతిరాతనూ, అక్షరాల తప్పులనూ మన్నించాలి. నేను అయిదో తరగతితో ఆగిపోయినదాన్నని మీకు తెలుసు. ఒత్తులు ఎక్కడ పడతాయో నాకు ఇప్పటికీ ధైర్యం లేదు. అనుమానం వచ్చిన చోట ఒకటి పెట్టేసి ముందుకు వెళ్ళిపోతాను. నిజానికి ఈ ఉత్తరం మీ అబ్బాయి రాయాలి. తీరిక లేదని నన్ను కూర్చోబెట్టారు.

కంపెనీ పెద్దాయన, ఈయన నడిపే పాత విమానాన్ని అమ్మేశారు. దాని బదులు కొత్త జెట్టు విమానం తెప్పిస్తున్నారు. చిన్నదే, ఎనిమిది మంది కూర్చునేది. ఎడమ పక్క ఒక ఇంజను, కుడి పక్క ఒకటి. ఈయన దాన్ని విమానం అనరు. ‘కొత్త మిషను’ అంటారు, అదీ చాలా మురిపెంగా. నా గురించి అంత మురిపెంగా చెప్పిన గుర్తు లేదు.

చిక్కేమిటంటే, పదకొండేళ్ళుగా ఉన్న లైసెన్సు దీనికి చాలదట. ఒక్కో రకం విమానానికి ఒక్కో పరీక్ష. దాన్ని టైపు రేటింగు అంటారు. నెలన్నర ఇంట్లో చదువుకోవాలి. తర్వాత మూడు వారాలు శిక్షణ కేంద్రంలో, నేల వదలని ఒక నకిలీ విమానంలో కూర్చోబెట్టి, లేని మంటలు పెట్టి, రాని గాలివాన తెప్పించి పరీక్షిస్తారట. ఒకటే అవకాశం. తప్పితే ఆ కుర్చీ ఇంకొకరికి వెళ్ళిపోతుంది. పాత విమానం లేదు గనుక ఈయనకు నడపడానికి ఏమీ మిగలదు.

అందుకని మా ఇల్లే విమానం అయిపోయింది. భోజనాల బల్ల నిండా పుస్తకాలు. నేను నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెడతారు. “పది వేల అడుగులు దాటేదాకా అనవసరపు మాటలు వద్దు. అది రూలు.”

“మనం ఇంకా వంటింట్లోనే ఉన్నాం కదండీ.”

“అదే చెబుతున్నాను. ఇంకా నేల మీదే ఉన్నాం.”

నిన్న ఆయన పది వేల అడుగులు దాటేసరికి కూర మాడిపోయింది. మాడుతోందన్నది అవసరమైన మాటా, అనవసరపు మాటా అని నేను తేల్చుకోలేకపోయాను.

విమానంలో చేయాల్సిన పనుల పట్టీ ఒకటి ఉంది. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు ఆ పని చేసి బదులు చెప్పాలి. చదివేది నేను. నా అదృష్టం, అందులో అన్నీ పెద్ద ఇంగ్లీషు అక్షరాలే. చిన్నవి మొదలుపెట్టకముందే నన్ను బడి మాన్పించారు. ప్రతి మూడో వరసకీ ‘యాజ్ రిక్వయిర్డ్’ అని వస్తుంది. అవసరాన్ని బట్టి అని అర్థమట. మొన్న పక్కింటావిడ కూరలో ఉప్పెంత వేశావని అడిగితే నోరు జారి “యాజ్ రిక్వయిర్డ్” అన్నాను. అప్పటి నుంచి ఆవిడ నన్ను మీరు అంటోంది.

ఈ మాటలు మీతో తప్ప ఇంకెవరితో చెప్పుకోను? చదివాక ఉత్తరం కాల్చేయండి.

మీ కోడలు

తా.క.: పై రెండు కాగితాలూ రాసి పొయ్యి గట్టు మీద పెట్టాను. ఎడమ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఆర్పబోతే మీ అబ్బాయి గుమ్మంలోంచి “ఆగు!” అని అరిచారు. “ముందు ఏదో చెప్పు. ఎడమదా, కుడిదా? నేను నిర్ధారించాక ఆర్పాలి.” నేను ఎడమది అన్నాను. ఆయన “ఎడమది, నిర్ధారించాను” అని వచ్చి, కుడి పొయ్యి ఆర్పారు. అన్నం సగంలో ఆగింది. పాలన్నీ ఉత్తరం మీదికి వచ్చాయి. ఆరబెట్టాను. చదవడానికి వస్తుందనే అనుకుంటున్నాను.

*

సౌభాగ్యవతి కోడలికి అత్తగారి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అందిందంటే, అట్టముక్కలా బిగుసుకుపోయి, పుల్లటి వాసనేస్తూ అందింది. కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకున్నాను. రెండు కాగితాల మీదా కలిపి నాకు దక్కిన మాటలు ఇవి: ‘పాత విమానాన్ని అమ్మేశారు’, ‘కొత్త మిషను’, ‘టైపు’, ‘పరీక్ష’, ‘ఒకటే అవకాశం’, ‘ఏమీ మిగలదు’, ‘కాల్చేయండి’. మిగతాదంతా పాలు.

అయినా నాకు చాలు. పెద్దదాన్ని, పోగులు కలుపుకోగలను.

ఆ రోజంతా నేను అన్నం ముట్టలేదు. మీ మామగారు ముప్పయ్యేళ్ళు ఆ మిషను మీదే కూర్చున్నారు. ఎండనక వాననక బయటే. నడుం పోయింది. ఆ చప్పుడుకి చెవులు పోయాయి. వాడు చదువుకునే రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, “నా కొడుకు ఈ మిషను మీద కూర్చోకూడదే” అన్నారు. చివరికి వాడి బతుకూ అక్కడికే వచ్చిందన్నమాట. సరే, ఏడ్చి లాభం లేదు. పని ఏదైనా పనే. దొంగతనం కాదు కదా.

పరీక్ష ఒకటేసారి అంటున్నావు కాబట్టి మూడు మాటలు చెబుతాను. మీ మామగారి దగ్గర నేర్చుకున్నవి. వాడికి వినిపించు.

చూపు ఎప్పుడూ వేళ్ళ మీద ఉండకూడదు, ఎదురుగా ఉన్నదాని మీద ఉండాలి. వేలు తన దారి తనే వెతుక్కుంటుంది. తొందర పడకూడదు. ముందు తప్పు లేకపోవాలి, స్పీడు దానంతటదే వస్తుంది. తప్పు దొర్లితే కంగారుపడి దాని వెనక పరిగెత్తకూడదు. ఆగి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు చెయ్యి కదపాలి.

ఇంతకీ స్పీడు ఎంత అడుగుతున్నారు? లోయరా, హయ్యరా? వెంటనే రాయి.

మీ అత్తగారు

తా.క.: నీ తా.క. మాత్రం పొడిగా ఉండి చదవగలిగాను. పొయ్యి ఆర్పడానికి ఇద్దరు మనుషులు కావాలా? ఇద్దరూ కలిసి తప్పు పొయ్యి ఆర్పారా?

మరో తా.క.: కాల్చేయమన్నావు. నేను కాల్చలేదు. కనబడినంత మేరకు తప్పులు ఎర్ర పెన్సిలుతో దిద్ది ఇందులోనే తిప్పి పంపుతున్నాను. పద్నాలుగు ఉన్నాయి. పాల కింద ఇంకెన్ని ఉన్నాయో.

*

అత్తయ్యగారికి కోడలు నమస్కారాలు. ఈసారి పాలు దించాకే రాయడానికి కూర్చున్నాను.

మీ ఎర్ర పెన్సిలు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. ఈ ఉత్తరంలో అనుమానం ఉన్న మాటలన్నీ మానేశాను. అందుకే చిన్నగా ఉంటుంది.

అత్తయ్యగారూ, మామగారు కూడా మిషను నడిపారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు! పెళ్ళప్పుడు కోర్టు పని అన్నారు. కోర్టుకు కూడా మిషన్లు ఉంటాయని నేను ఎరగను. చదువు లేనిదాన్ని, అడగడానికి మొహమాటపడ్డాను. కొడుకుని వద్దన్నారంటే ప్రేమ కొద్దీ అని ఉంటారు. ప్రమాదం ఎరిగినవారు కదా. నాకూ రోజూ భయమే, పైకి చెప్పను గానీ.

మామగారిని ముప్పయ్యేళ్ళు చూసినవారు, మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అడిగినవాటికి మాత్రం జవాబులు రాస్తాను.

లోయరా హయ్యరా అని మీ అబ్బాయిని అడిగాను. పుస్తకంలోంచి తలెత్తకుండానే, “అన్నిటికన్నా హయ్యరు. నలభై ఒక్క వేలు” అన్నారు. స్పీడు నూట ఇరవై. దాన్ని ‘వీ వన్’ అంటారు. అది దాటాక ఏం జరిగినా ఇక ఆగకూడదట, మనసు మార్చుకోకూడదట. పోవలసిందే. అంతకు ముందు అయితే ఆగిపోవచ్చు.

ఇంకో సంగతి. ఎడమది పోయినా కుడిదానితోనే లాక్కురావాలట. పరీక్షలో కావాలనే ఎడమదాన్ని చెడగొడతారట! మంటలు కూడా పెడతారట. ఇదేం మర్యాదో నాకు అర్థం కాలేదు.

ప్రాక్టీసుకు అసలు మిషను ఇక్కడ లేదు. అందుకని మీటలన్నీ అచ్చు వేసిన దుప్పటంత కాగితాన్ని ముందు గదిలో గోడకు అంటించారు. దాని ముందు కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, ఏ మీట ఎక్కడుందో వేళ్ళతో తడుముతారు. పక్క కుర్చీలో నేను. నేను చదువుతాను, ఆయన నొక్కుతారు. నా చదువు సంగతి తెలుసు కదా. “ఎఫ్… ఎల్… ఏ…” అంటూ ఉంటాను. ఆయన పళ్ళు నూరుతారు. “తల్లీ, నువ్వు ఆ మాట ముగించేలోపు మనం రెండు ఊళ్ళు దాటిపోతాం!”

“దాటితే దాటాం. నన్ను చదవనివ్వండి” అన్నాను. పైకి కాదు, మనసులో.

ఆయన మాత్రం తొందరకొద్దీ ముందే వేలు పెట్టేసి, తప్పు మీట నొక్కి, నా మీద విసుక్కుంటారు. నిన్న మీ ఉత్తరంలోని మూడు మాటలూ చదివి వినిపించాను. అప్పటికి పది వేల అడుగులు దాటే ఉన్నాం, చూసుకునే చదివాను. ఆయన పుస్తకం మూశారు. “నాన్న అచ్చం ఇలాగే అనేవాడు” అని, ఆ మూడింటినీ కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నారు. మిగతా ఉత్తరం తర్వాత చూస్తానన్నారు. ఆ ‘తర్వాత’ ఇంకా రాలేదు.

ఈ ఉత్తరమైనా కాల్చేయండి. దిద్దొద్దు.

మీ కోడలు

తా.క.: గోడ మీద కాగితంలో ఎడమ చివర గుండ్రటి మీట ఒకటి ఉంది. అది నొక్కబోయి నాలుగుసార్లు నిజం దీపం స్విచ్చి నొక్కారు. ఇంటి ఓనరుగారు కిందనుంచి “ఏమ్మా, ఎవరికైనా సైగలు చేస్తున్నారా?” అని అడిగారు.

*

కోడలికి దీవెనలు. తొందరలో రాస్తున్నాను.

వాడి ఎడమ చేతికి ఏమైంది? నాకెందుకు చెప్పలేదు? ‘ఎడమది పోయినా’ అని ఎంత తేలిగ్గా రాశావే! నువ్వు కోడలివా, కోర్టు అమీనువా? ఉద్యోగం ఊడింది చేతివల్లేనా? ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇక ఆ పరీక్ష పెట్టేవాళ్ళ సంగతి. నూట ఇరవై ఎవడు కొట్టాడు? మీ మామగారు ముప్పయ్యేళ్ళలో అరవై దాటలేదు. ఆ అరవై కూడా ఒక్కసారే, వర్షం వస్తోందని. నలభై ఒక్క వేలంటే ఎన్ని రోజులు కూర్చోబెడతారు? పైగా ఒంటిచేత్తో, మంటల మధ్యా? ఈ కంపెనీ నడిపేది మనుషులేనా? నా కొడుకుని సాగనంపడానికి ఇదో వంక అని నాకు అర్థమైంది.

అయితే మనం ఊరుకునే వంశం కాదు. గోడ మీద కాగితం తడిమితే ఈత ఒడ్డున నేర్చుకున్నట్టే. అసలు మిషను కావాలి. అందుకని మీ మామగారి మిషనును ఇవాళ లారీ పార్సిలులో వేయించాను. ఎనిమిదేళ్ళుగా మూత వేసి పెట్టింది. బుధవారానికి మీ ఇంటికి వస్తుంది. పాత ఇనుము, ఒకళ్ళ వల్ల కాదు, ఇద్దరు పట్టాలి. కింద దళసరి గుడ్డ పరిచి, ఎండ తగలని చోట గోడవారన పెట్టు. మూత తీసేటప్పుడు నెమ్మది. చాలాకాలంగా కదలలేదు గనుక నూనె వేయాలి. నాలుగు చుక్కలు చాలు, ఎక్కువైతే పాడవుతుంది.

అది ఇంట్లోంచి వెళుతుంటే మీ మామగారు రెండోసారి వెళ్ళినట్టు అనిపించింది. సరేలే.

మీ అత్తగారు

తా.క.: ఈసారి తొమ్మిదే తప్పులు. మెరుగు. దిద్దిన కాగితం ఇందులో ఉంది.

*

అత్తయ్యగారికి నమస్కారాలతో, చాలా కంగారుగా కోడలు రాస్తున్నది.

మీ అబ్బాయి ఎడమ చెయ్యి రాయిలా ఉంది. వెళ్ళే రోజు ఆ చేత్తోనే పెట్టె మోసుకుంటూ వెళ్ళారు. అవును, ఆదివారమే శిక్షణకు వెళ్ళిపోయారు. పాసో ఫెయిలో తేలేదాకా ఇంటి సంగతులతో ఫోను చేయొద్దన్నారు. కాబట్టి ఇప్పుడు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. రేపు మామగారి మిషను వస్తోంది.

అత్తయ్యగారూ, మీరు కోప్పడకపోతే అడుగుతాను. రెక్కలు విప్పి పంపారా, అలాగే పంపారా?

మేముండేది మేడ మీద రెండు గదులు. మెట్ల కింద సైకిలు పెడితేనే ఓనరుగారు మూతి ముడుస్తారు. దళసరి గుడ్డ పరచమన్నారు. నా దగ్గర ఉన్నవి రెండు దుప్పట్లు. అవి చక్రాల కిందికే చాలవు. నాలుగు చుక్కల నూనె చాలన్నారు. నాలుగు చుక్కలతో ఎంత దూరం ఎగురుతుంది? ‘ఇద్దరు పట్టాలి’ అన్నారు గనుక ఇద్దరు పట్టే చిన్నదే అయి ఉంటుందని ధైర్యం తెచ్చుకున్నాను.

ఇక తప్పక, నిన్న పొద్దున చెంగు నిండుగా కప్పుకుని కిందికి వెళ్ళాను. ఓనరుగారితో నేను ఇంతవరకూ నాలుగు మాటలు మాట్లాడలేదు. ఆయన పేపరు చదువుతున్నారు.

“బాబాయిగారూ, మా మామగారి విమానం వస్తోంది. పెరట్లో కొన్నాళ్ళు పెట్టుకోవచ్చా?”

ఆయన పేపరు దించారు. “ఏం వస్తోందమ్మా?”

“విమానమండీ. పాతదే.”

“మీ మామగారు పోయారని విన్నానే?”

“అవునండీ. అది మాత్రం ఉంది.”

ఆయన కాసేపు నన్నూ, కాసేపు ఆకాశాన్నీ చూశారు. ఆయన వెనకటికి భూములు కొలిచే ఉద్యోగం చేశారు. కొలత అన్న మాట వినబడితే ఇంకేమీ వినబడదు. లోపలికి వెళ్ళి టేపు తెచ్చారు. ఒక కొస నా చేతికిచ్చారు. పెరడంతా కొలిచాం. పద్దెనిమిది అడుగుల నాలుగు అంగుళాలు. బట్టలు ఆరేసే తీగ విప్పించారు. రెండు పూలకుండీలు జరిపించారు. చివరకు టేపు చుట్టుకుంటూ, “రెక్కలు చాచి పెడతారా, మడిచి పెడతారా? అది చెబితే గానీ నేను కొలతల కాగితం మీద సంతకం పెట్టను” అన్నారు. మా అత్తయ్యగారికి రాసి చెబుతానన్నాను.

వీధిలో వాళ్ళందరికీ తెలిసిపోయింది. పక్కింటావిడ నన్ను ఇప్పుడు మీరు అనడం కూడా మానేసి, ఊరికే చూస్తోంది.

అత్తయ్యగారూ, నా ప్రాణం విసిగిపోయింది. మీ అబ్బాయి నెలన్నరగా నన్ను కుర్చీకి కట్టేసి చదివించారు. మీరు పార్సిలు పంపుతున్నారు. నాకేం కావాలని ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. రాశాక భయమేస్తోంది, ఈ చివరి వాక్యం చదవకండి. ఉత్తరం కాల్చేయండి.

మీ కోడలు

తా.క.: ఆయన్ని పంపేటప్పుడు గుమ్మంలో “ధైర్యంగా ఉండండి” అందామనుకున్నాను. నోట్లోంచి “యాజ్ రిక్వయిర్డ్” అని వచ్చింది. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

*

కోడలా,

దీవెనలు తర్వాత. ముందు ఇది చదువు.

రెక్కలేమిటే? టైపు మిషనుకి రెక్కలేమిటి!

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి ‘ఎంత దూరం ఎగురుతుంది’ దగ్గర లేచి నిలబడ్డాను. నీ పాత ఉత్తరాలన్నీ నాకు జ్ఞాపకమే, దిద్దినదాన్ని కదా. ఒక్కొక్కటీ మనసులో పరిచి చూసుకుంటే అప్పుడు తెలిసింది. టైపు అంటే అది కాదా? ఎడమది అంటే చెయ్యి కాదా, ఇంజనా? వాడు ఇంకా విమానాలే నడుపుతున్నాడా? ఈ ముక్క పాలకిందే పడాలా!

మీ మామగారు కోర్టు ఎదురుగా చెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు టైపు కొట్టేవారమ్మా. ముప్పయ్యేళ్ళు. విమానాన్ని ఆయన దగ్గర్నుంచి చూసింది నీ మొగుడు ఉద్యోగంలో చేరిన రోజు. అది కూడా కంచె బయట నిలబడి. నువ్వు ఆయన్ని పైలట్‌ని చేశావు. ఆయన ఉంటే ఎంత నవ్వేవారో. ఇంటి ముందు ఒక్కదాన్నే కూర్చుని నేను నవ్వాను. తర్వాత కొంచెంసేపు నవ్వలేదు.

ఇప్పుడు నాకు ఒక్కటే కావాలి. వాడు పాసయ్యాడా లేదా? అది తెలియగానే రాయి. ముద్ద గొంతు దిగడం లేదు.

ఆ మిషను మీకు పనికిరాదు. గుడ్డ చుట్టి తిప్పి పంపేయి. అసలే అందులో ‘ఠ’ విరిగిపోయింది. ఆ అక్షరం వచ్చిన చోటల్లా మీ మామగారు ఖాళీ వదిలి చేత్తో రాసేవారు.

నీకేం కావాలో ఎవరూ అడగలేదన్నావు. చదవొద్దన్న వాక్యాన్ని మరో రెండుసార్లు చదివాను. అందులో ఒక్క తప్పూ లేదు.

మీ అత్తగారు

తా.క.: ఇంకో తలనొప్పి. వాడికి ఉద్యోగం పోయిందనుకుని, కోర్టు ఎదుట మీ మామగారి పాత చోటును వాడికోసం మాట్లాడి పెట్టాను. బల్ల కూడా కడిగించారట. వచ్చే నెల పైలట్‌గారు వచ్చి టైపు కొడతారని ఊరంతా ఎదురుచూస్తోంది. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని కాదనను?

*

అత్తయ్యగారికి మీ కోడలు నమస్కరించి కొట్టినది.

ఈసారి నా చేతిరాతకు క్షమాపణ లేదు. చేతిరాతే లేదు.

ముందు మీరు ముద్ద మింగండి. మీ అబ్బాయి పాసయ్యారు.

మొదటి వారం చాలా కష్టమైందట. కొత్త మీటలు కదా, చూపంతా వేళ్ళ మీదే ఉండేదట. రెండుసార్లు తిట్లు తిన్నాక, గోడమీది మీ మూడు మాటలు గుర్తొచ్చాయట. చూపు ఎదురుగా పెట్టి, వేళ్ళను వాటి దారిన వదిలేశారట. అప్పటినుంచి దారిన పడ్డారు.

పరీక్ష రోజున, నేను చెప్పినట్టే, ఎడమ ఇంజనులో మంట పెట్టారు. ఈయనతో పాటు పరీక్షకు కూర్చున్న ఇంకో బక్కపలచటి పైలట్ కంగారులో చెయ్యి చాచి కుడిదాన్ని ఆపబోయాడట. అదే గనక ఆగితే రెండూ పోయేవి, ఇద్దరూ ఫెయిలు. ఈయనకు ఆ క్షణంలో ఇంగ్లీషు రాలేదట. “ఆగు! పాలు ఏ పొయ్యి మీద?” అని అరిచారట. బక్కాయనకు మన భాష రాదు. కానీ చెయ్యి ఆగిపోయింది. ఇద్దరూ చూసుకుని, నిర్ధారించుకుని, ఎడమదాన్ని ఆపి, కుడిదానితోనే లాక్కొచ్చారు.

అయ్యాక, పరీక్ష పెట్టిన మాస్టారు అడిగారట. “ప్రతి వరస దగ్గరా అంత ఓపిగ్గా ఆగుతున్నావే, ఎవరు నేర్పారు?”

“మా ఇంట్లో చదివేవాళ్ళు అంత నెమ్మదిగా చదువుతారు సార్” అన్నారట మీ అబ్బాయి.

ఆ మాట ఆయన నాతో చెప్పినప్పుడు నేను కూర చూసే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇక మిషను సంగతి. బుధవారం లారీ వచ్చేసరికి వీధంతా గుమిగూడింది. ఇద్దరు మనుషులు నల్లటి ఇనుప పెట్టెను దించి పెరటి నడిమధ్యన పెట్టారు. పద్దెనిమిది అడుగుల స్థలంలో మూరెడు పెట్టె. ఓనరుగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, “మిగతాది వెనక వస్తోందా?” అన్నారు. మూత తీశాను. వరసలు వరసలుగా మన అక్షరాలు. నాకు అక్కడే నేల మీద కూలబడి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ ఉత్తరం వచ్చేలోపే నాలుగు చుక్కల నూనె వేశాను. ఎవరికోసమో నెలన్నర మీటల పేర్లు చదివినదాన్ని, ఇవి నా అక్షరాలు కదా అని ఒకటి నొక్కాను. కాగితం మీద ‘అ’ పడింది. ఎంత బాగా పడిందంటే, అచ్చు పుస్తకంలోలా. నేను పెట్టిన ‘అ’ అంత తిన్నగా ఎప్పుడూ నిలబడలేదు. ఇక రోజూ కూర్చున్నాను. చూపు వేళ్ళ మీద పెట్టకుండా, తొందర పడకుండా, తప్పు వెనక పరిగెత్తకుండా. నిమిషానికి తొమ్మిది మాటలు వస్తున్నాయి. ఈ ఉత్తరానికి అయిదు రోజులు పట్టింది. ‘ఠ’ లేని లోటు పెద్దగా తెలియలేదు. నాకు దొరికింది ఒక్క పాఠం. ఆ రెండు చోట్ల మాత్రం మామగారిలాగే ఖాళీలు వదిలి చేత్తో రాశాను.

మిషనును తిప్పి పంపమన్నారు. పంపను, అత్తయ్యగారూ. మీకు ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి. ఇది టైపు చేస్తూ రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాను, తప్పు పడలేదు. నేను వీ వన్ దాటేశాను. ఇక ఆగడానికి లేదు.

కొత్త విమానం వచ్చాక ఈయన నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరట. ఆ సగం రోజులు నేను వచ్చి మీ దగ్గర ఉంటాను. కోర్టు ఎదుట బల్ల ఇంకెవరికీ ఇవ్వొద్దని చెప్పండి. పైలట్‌గారు రావడం లేదు, ఆయన చేత చెక్‌లిస్టు చదివి చేయించిన మనిషి వస్తోందని చెప్పండి. తొమ్మిది మాటలకు నవ్వుతారేమో. నవ్వనివ్వండి. ముందు తప్పు లేకపోవాలి, స్పీడు దానంతటదే వస్తుంది. ఆ మాట అన్నది మీరే.

మీ కోడలు

తా.క.: నేను మొదట టైపు చేసిన కాగితం ఓనరుగారిది. అద్దెకుండేవాళ్ళ రూళ్ళు కొత్తగా కొట్టి పెట్టమన్నారు. తొమ్మిదోది ఆయన దగ్గర నిలబడి చెప్పి కొట్టించారు: ‘పెరట్లో విమానాలు గానీ, వాటి రెక్కలు గానీ ఉంచరాదు.’

మరో తా.క.: అలవాటు కొద్దీ అడుగుతున్నాను, చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి. కాల్చినా నాకు బెంగ లేదు. కింద కార్బను పెట్టి కొట్టాను. రెండో ప్రతి నా పెట్టెలో ఉంది.